కేఫ్ ముందు రెండు తెల్ల పికప్‌లు

మంగళవారం పొద్దున ఎడ్మంటన్‌లో ఒక లాడ్జి గదిలో రక్షణశాఖ ఇంజనీరు శవం దొరికింది. మెడ వెనక సూది గుచ్చిన గుర్తు. అతని దగ్గర ఉండాల్సిన మైక్రోఫిల్మ్ మాత్రం దొరకలేదు.

గురువారం పదకొండు గంటలకు ఆ కబురు డోరీన్ కాసూక్ చెవిన పడింది, ఫ్రీజర్లో కారిబూ జింక మాంసం కింద దాచిన శాటిలైట్ ఫోన్‌లో. ఉత్తర ధ్రువానికి దగ్గర్లో, మెకంజీ డెల్టాలోని ఒక చిన్న ఊళ్లో ఆమె కేఫ్ నడుపుతోందని అందరికీ తెలుసు. పదకొండేళ్లుగా కెనడా ప్రభుత్వ గూఢచారి అని మాత్రం సొంత అన్నకు కూడా తెలీదు.

"ఫిల్మ్‌లో ఏముంది సార్?"

"సముద్రం అడుగున మన సెన్సర్లు ఎక్కడెక్కడున్నాయో ఆ మ్యాప్," అన్నాడు చీఫ్ హాలిడే. "మంచు మీదికెళ్లి వాటిని బాగుచేసే తొమ్మిదిమంది పేర్లు కూడా. ఇంజనీరుని చంపినవాళ్లు ఆ తొమ్మిదిమందినీ వదలరు."

ఆ తొమ్మిదిమందిలో డోరీన్ అన్న విల్‌ఫ్రెడ్ ఒకడు.

"ఇవాళ మధ్యాహ్నం భోజనాల వేళ మీ ఊళ్లోనే అది చేతులు మారుతుంది. కొనేవాడు ఒంటిగంటన్నర విమానంలో చెక్కేస్తాడు. మీ ఊళ్లో తినే చోట్లు మూడు. ఎక్కడ కలుస్తారో తెలీదు."

"నాకు తెలుసు. కారిబూ మంద దగ్గరికొచ్చిందని బంకు క్యాంటీన్ వంటవాడు నిన్ననే తలుపుకి తాళమేసి తుపాకీతో పోయాడు. లాడ్జి వంటింట్లో పైపులు గడ్డకట్టాయి. పొయ్యి వెలుగుతున్నది నా దగ్గరే."

"గుడ్. సాయానికి సిమోన్ వర్గా వస్తుంది. మన మనిషే. పోలీసుల్ని ముందే పిలవకు, బెదిరిపోతారు."

పన్నెండయింది. డిసెంబరు కాబట్టి సూర్యుడి ఊసే లేదు. బయట మైనస్ నలభై ఒకటి. పొగమంచులో బళ్ల దీపాలు తప్ప ఏమీ కనబడటం లేదు. లోపల బెంచీలన్నీ నిండిపోయాయి. మూల కొత్త ఎర్ర కోటు వేసుకున్న అపరిచితుడొకడు సూప్ కెలుకుతున్నాడు. తలుపు పక్క బల్ల దగ్గర డోరీన్ పెదనాన్న తైటస్ మూడో గిన్నె కానిస్తున్నాడు. అతని తెల్ల పికప్ బయట డీజిల్ డ్రమ్ము పక్కనుంది.

తలుపు తెరుచుకుంది. నక్క బొచ్చు టోపీ, ఎర్రటి పెదాలు. కేఫ్‌లో చెంచాల చప్పుడు ఆగింది.

"చార్ చేప దొరుకుతుందా?"

"మంచు కరిగాకే," అంది డోరీన్.

కోడ్ సరిపోయింది. సిమోన్ కౌంటర్ మీదికి వంగింది. "నువ్వు ఎయిర్‌పోర్టుకెళ్లి కాపలా ఉండు. ఇక్కడ నేను చూసుకుంటా. రెండు చలికాలాలు ఈ పక్కనే యూకాన్ పల్లెల్లో ఉన్నా, ఈ జనం నాకు కొత్త కాదు."

అలా అని పొయ్యి దగ్గరికెళ్లి కాఫీ కెటిల్ అందుకుంది. తన కప్పు నింపుకుంది. కెటిల్ మళ్లీ పొయ్యి మీద పెట్టేసింది.

పక్క బల్లల వాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. ఈ వైపు కేఫుల్లో కాఫీకి లేచినవాడు గదంతా తిరిగి అందరి కప్పులూ నింపి, ఆఖర్న తనది నింపుకుంటాడు. చెయ్యమని ఎవరూ చెప్పరు. చెయ్యకపోతే వారం రోజులు ఊరంతా చెప్పుకుంటుంది. రెండు చలికాలాలు కాదు, రెండు రోజులున్నా ఆ సంగతి తెలిసిపోతుంది.

ఒక అబద్ధం దొరికింది. డోరీన్ రెండోదాన్ని వెతికింది. ఎర్ర కోటువాడు కాలినడకన వచ్చాడు. ఇప్పుడు గ్లవ్స్ తొడుక్కుంటూ కిటికీలోంచి గుమ్మం ముందు సిమోన్ ఆపిన తెల్ల పికప్ వైపే చూస్తున్నాడు. ఈ చలిలో ఇంజన్ ఆపితే మళ్లీ స్టార్టవదు గనక అన్ని బళ్లూ తాళంచెవులతో సహా బయట నడుస్తూనే ఉంటాయి. ఎవడు ఏ బండెక్కి పోయినా అడిగేవాడుండడు. చేతులు మారేది ఫిల్మ్ కాదు, దాన్ని దాచిన బండే.

డోరీన్ సూప్ డబ్బా పట్టుకుని తైటస్ దగ్గరికెళ్లి, చెవిలో అంది. "పెద్దమ్మకి పట్టుకెళ్లు. నీ బండి గుమ్మం ముందుకి తెచ్చి పెట్టాను, పెదనాన్నా."

"డ్రమ్ము పక్కన పెట్టినట్టు గుర్తే?"

"కిందటి నెల ఫాదర్ గారి బండెక్కి పోయిందెవరు? పద, సూప్ చల్లారిపోతుంది."

ముసలాయన గొణుక్కుంటూ వెళ్లాడు. గుమ్మం ముందున్న పికప్ పొగమంచులో కలిసిపోయింది. డోరీన్ ఫ్రీజర్ మూత మీద చెయ్యేసింది.

"అక్కడే ఆగు," అంది సిమోన్ నెమ్మదిగా. రుమాలు కింద పిస్తోలు. "చేతులు కౌంటర్ మీద పెట్టి నవ్వుతూ ఉండు. విమానం ఎగిరేదాకా."

ఎర్ర కోటువాడు లేచి బయటికెళ్లాడు. బయట మిగిలింది ఒక్క తెల్ల పికప్. ఇంజన్ బెల్టు కీచుమంటూ అది కదిలింది. ఆ చప్పుడు తైటస్ బండిదని ఊళ్లో కుక్కలకు కూడా తెలుసు.

డోరీన్ నవ్వుతూ నిలబడింది. ఒంటిగంట దాటింది. ఒకటీ పది. పెదనాన్నకు అనుమానమొచ్చి వెనక్కి తిరిగొస్తే? మంచు మీద విల్‌ఫ్రెడ్ ఒక్కడే ఉన్నాడు. పొయ్యి మీద కాఫీ కెటిల్ చేతికందే దూరంలోనే మరుగుతోంది.

ఒకటీ ఇరవైకి సిమోన్ ఫోన్ మోగింది. "ఏంటి? సీటు కింద గాలాలు, కట్టుడు పళ్లా?"

సిమోన్ కళ్లు ఒక్క క్షణం ఫోన్ మీదికెళ్లాయి. ఆ క్షణంలో డోరీన్ విసిరిన కెటిలెడు కాఫీ ఆమె మణికట్టు మీద పడింది. పిస్తోలు నేల మీదికి జారింది. నలుగురు మత్స్యకారులు ఆమెను బెంచీకేసి అదిమేశారు. ఎందుకని ఒక్కడూ అడగలేదు.

డోరీన్ ఫ్రీజర్లోంచి ఫోన్ తీసి కబురు చేస్తే, మెట్ల మీద అడుగుపెట్టబోతున్న ఎర్ర కోటువాణ్ని పోలీసులు విమానం దగ్గరే పట్టుకున్నారు. అది తెలిశాక డోరీన్ ముందుగా అన్నకు ఫోన్ చేసింది.

"తిన్నావా అన్నయ్యా?"

"ఎన్నడూ అడగవు. ఏమైందే నీకు?"

"ఏం కాలేదు," అని గబుక్కున పెట్టేసింది. ఏడుపు దాచుకోవడం ఆమెకి ఏ ట్రైనింగూ నేర్పలేదు.

తర్వాత చీఫ్ లైన్లోకొచ్చాడు. "శభాష్. ఫిల్మ్ ఎవరి దగ్గరుంది? ఈ ఆపరేషన్‌లో ఎంతమంది ఏజెంట్లని వాడావు?"

"ఒక్కణ్నే సార్. డెబ్బై ఎనిమిదేళ్లు. ఫిల్మ్ రేపే ఇచ్చేస్తాడట. బండి సీటు మాత్రం దానంతటదే వెచ్చబడుతోందని, బండి కోసం ప్రభుత్వాన్ని ఎండాకాలం రమ్మంటున్నాడు."