అట్ట మీద పేరు

జూలై ఒకటో తారీకు పొద్దున్న హలీనా ఓవెన్‌లోంచి చీజ్ కేకు తీస్తుండగా అచ్చాఫీసు నుంచి పార్సెల్ వచ్చింది. ఆ రోజు ఆమె పేరు పండుగ, అంటే క్యాలెండర్‌లో హలీనా అన్న పేరుకు కేటాయించిన రోజు. పోలండ్‌లో తోరూన్ అనే ఊళ్ళోని ఆ నాలుగో అంతస్తు ఇంటికి సాయంత్రం ఐదింటికి ఎవరెవరు వస్తారో ఆమెకే తెలియదు. పేరు పండుగకు ఎవరినీ పిలవరు. గుర్తున్నవాళ్ళు పూలు పట్టుకుని వచ్చేస్తారు, అంతే.

పార్సెల్‌లో జురావ్ బృందం కొత్త రికార్డుకు అట్ట నమూనా ఉంది. జురావ్ అంటే ఆమె భర్త లెషెక్ పాడే రాక్ బృందం, ఒక్కో పాటా ఇరవై నిమిషాలకు తగ్గకుండా వాయించే రకం. మొదటి మూడు రికార్డులతో దేశాన్ని ఊపేశారు. తర్వాతి నాలుగూ ఉప్పులేని కూర. ఇప్పుడీ ఎనిమిదోదాన్ని ముందుగా విన్న పత్రికలవాళ్ళు 'జురావ్ మళ్ళీ జురావ్ అయింది' అని రాశారు.

ఎలా అయిందో ఆ ఇంట్లో ముగ్గురికీ తెలుసు. మొదటి మూడింటిలో పాటలకు మాటలు రాసింది హలీనాయే, తను పనిచేసే పోస్టాఫీసు కిటికీ వెనక కూర్చుని, మనియార్డర్ ఫారాల వెనకవైపు. బృందం పేరు వేస్తే చాల్లే అని అప్పట్లో అందరూ అంటే సరేనంది. తీరా పొగడ్తలన్నీ లెషెక్‌కే పోతుంటే ఒళ్ళుమండి రాయడం మానేసింది. పోయిన చలికాలం కూతురు కింగా బృందంలో డ్రమ్స్ వాయించడానికి చేరి, తల్లిని బతిమాలి మళ్ళీ కలం పట్టించింది. ఈసారి తన పేరు వేయాలి, అదొక్కటే హలీనా షరతు. లెషెక్ తలూపాడు.

ఆమె అట్ట తిప్పి చూసింది. 'మాటలు, గానం: లెషెక్ జరేంబా.'

అట్టను అల్మరాలో పెట్టి కేకు మీద పంచదార పొడి చల్లింది. ఆ విసురుకి సగం పొడి బల్లమీదే పడింది. ఏడుపు వస్తుందనుకుంది గానీ రాలేదు, కోపం వచ్చింది.

సాయంత్రానికి గది నిండింది. పోస్టాఫీసు స్నేహితురాళ్ళు ఇద్దరు, కింది అంతస్తు జొఫ్యా ముసలమ్మ, బృందంలో మొదటినుంచీ గిటారు వాయించే బొగ్దాన్ వచ్చారు. లెషెక్ గ్లాసులు నింపి కొత్త రికార్డు గురించి పత్రిక రాసింది చదివి వినిపించాడు. తర్వాత అందరూ లేచి హలీనాను నూరేళ్ళు బతకమని పాడబోతుంటే ఆమె చెయ్యెత్తి ఆపింది. అల్మరాలోంచి అట్ట తెచ్చింది.

"మీరంతా నా పేరు కోసం వచ్చారు కదా. ఆ పేరు ఇందులో ఎక్కడుందో వెతికి చూపించండి. కేకు అప్పుడే కోస్తాను."

అట్ట చేతులు మారింది. జొఫ్యా కళ్ళజోడు తుడుచుకుని మరీ చదివింది. "ఫొటో తీసినవాడి పేరుంది. జుట్టు దువ్వినమ్మాయి పేరుంది. స్టూడియో కుక్క పేరు కూడా ఉంది. నీదేదమ్మాయ్?"

లెషెక్ మొహం కందిపోయింది. "నలుగురిలో పరువు తీస్తావా, హలీనా? లోపలికి రా, మాట్లాడుకుందాం."

"నా పేరు నలుగురిలోనే తీసుకున్నావు. నలుగురిలోనే ఇవ్వు."

సోమవారం అచ్చు మొదలవుతుందని, ఇప్పుడేం మార్చలేమని అతను గొణిగాడు. అలాగైతే శుక్రవారం కచేరీకి వేరే డ్రమ్మర్ని చూసుకోమంది కింగా, గొంతు పెంచకుండానే. బొగ్దాన్ తల దించుకున్నాడు. ముప్ఫై ఏళ్ళుగా తనకూ తెలుసని, నోరు కుట్టేసుకుని కూర్చున్నానని ఒప్పుకున్నాడు.

లెషెక్ కుర్చీలో కూలబడ్డాడు. "నాలుగు రికార్డులు నేనే రాశాను. నాలుగూ చెత్తన్నారు. ఇన్నాళ్ళకి ఒక్కటి బాగుందన్నారు. అదీ నాది కాదంటే ఇంక నాకేం మిగుల్తుంది?"

"గొంతు మిగుల్తుంది. అది నీదే. దాన్ని నేనెప్పుడూ నాదనలేదు."

అతని కళ్ళు నిండాయి. అట్ట దగ్గరికి లాక్కుని, జేబులోంచి పెన్ను తీశాడు. 'మాటలు' పక్కన తన పేరు కొట్టేశాడు. రేపు పొద్దున్నే ఈ అట్ట తనే స్వయంగా అచ్చాఫీసుకు తీసుకెళతానన్నాడు.

"హలీనా జరేంబా అని రాయనా?"

"కాదు. హలీనా వ్రోనా. ఆ ఫారాల వెనక రాయడం మొదలెట్టినప్పుడు మన పెళ్ళి కాలేదు, నాది మా నాన్న ఇంటిపేరే."

రాశాడు. ఆమె కేకు కత్తి చేతిలోకి తీసుకుంది, కానీ కోయలేదు.

"పాతవి మూడూ తీసుకురా."

లెషెక్ లేచి, అరలోంచి పాత రికార్డులు మూడూ దించి, దుమ్ము తుడిచి, ఒక్కోదాని వెనకా అదే పేరు రాశాడు. మూడోది అయ్యాక, ఇందాక ఆగిపోయిన నూరేళ్ళ పాట తనే ఎత్తుకున్నాడు. రెండో పాదంలో ఆగిపోతే, మిగతాది కింగా అందుకుంది.

హలీనా కారుతున్న కన్నీళ్ళు తుడుచుకోలేదు. కేకు కోసి, మొదటి ముక్క తనే తింది.