కాంటీన్ తలుపు రివ్యూ

మార్కాపురంలో ఆ వేసవి ఏ సినిమా ఆడాలో, ఏది మూడో రోజే సర్దుకోవాలో తేల్చింది ఒక పలక. థియేటర్ ఎదుట ఆదెయ్య టీ కొట్టు గుంజకు వేలాడేది. పలకల ఫ్యాక్టరీలో చట్రాలు బిగించే ఏబేలు ప్రతి శుక్రవారం మార్నింగ్ షో చూసొచ్చి, బలపంతో దాని మీద తీర్పు రాసేవాడు. ఊళ్ళో సగం మంది అది చదివాకే టికెట్ కొంటారని అతని నమ్మకం. ఆ సగం మంది తన టీ కోసమే వస్తారని ఆదెయ్య నమ్మకం.

సీజన్లో మొదటి భారీ సినిమా 'రాయలగండం'. "పిచ్చెక్కించింది. పైసా వసూల్" అని రాసి ఏబేలు డ్యూటీకి వెళ్ళాడు. సాయంత్రం వచ్చి చూస్తే ఆ రాత లేదు. దాని చోట గుండ్రటి అక్షరాలున్నాయి: "రెండో సగం నిద్ర. అన్నం తిని పోవద్దు."

"ఎవురు తుడిపింది?"

"నేనే," అంది ఫ్లాస్కులో టీ పోయించుకుంటున్న అమ్మాయి. మెడలో కొలతల టేపుంది. థియేటర్ గోడకు ఆనుకున్న టైలరింగ్ షాపు ఎలీషబమ్మ కూతురు, హెప్సిబా.

"ఏ షో చూసినావు?"

"ఏ షో చూడలా. పుట్టినప్పట్నుంచి హాల్లో సినిమానే చూడలా. చర్చిలో ఒప్పుకోరని మా అమ్మ పోనియ్యదు."

"చూడకుండానే రాసినావా?"

"చూడటమెందుకు? నా మిషను పక్కనే ఆ గోడ. అన్ని షోలూ వింటానే ఉంటా. ఈలలు ఎవురైనా ఏస్తారు. కాంటీన్ తలుపు అబద్ధం చెప్పదు. బోరు కొడితే జనం లేచిపోతారు, అది కిర్రుమంటాది. నీ రాయలగండానికి సెకండాఫ్‌లో పదకొండు సార్లు కిర్రుమంది."

నాలుగో రోజుకు పోస్టర్ చిరిగింది.

రెండోది 'వానొస్తే ఫోన్ చెయ్'. "ఫైట్లు లేవు. దండగ" అని ఏబేలు రాశాడు. "తలుపు ఒక్కసారి కూడా చప్పుడు కాలా. పోండి" అని కింద ఆమె రాసింది. సినిమా మూడు వారాలు ఆడింది.

ఆ మూడు వారాల్లో ఏబేలు వాళ్ళమ్మ పేరు చెప్పి ఏడు జాకెట్లు కుట్టించాడు. వాళ్ళమ్మది ఒక్కటే. మిగతావి వీధిలో ఆడవాళ్ళను బతిమాలి తెచ్చిన గుడ్డలు. షాపులో అడుగుపెట్టిన మొదటి రోజు నుంచీ ఎలీషబమ్మను "అత్తా" అని పిలవడం మాత్రం మరిచిపోలేదు.

మూడో సినిమా 'బంగారు బుల్లెట్'. ఏబేలు ప్రాణం పెట్టుకున్న హీరోది. అభిమాన సంఘానికి అతనే సెక్రటరీ. గురువారం సాయంత్రం బ్యానర్ కడుతుంటే జల్లు పడింది. తడవకుండా షాపు రేకుల కింద నిలబడ్డాడు. హెప్సిబా గుమ్మంలో గుండీలు కుడుతోంది. ఇంతకంటే మంచి వాన మళ్ళీ ఎప్పుడొస్తుందో అని చెప్పేశాడు.

"హెప్సిబా, నువ్వంటే నాకిష్టం."

ఆమె దారం పుటుక్కున కొరికింది. "రేపు నీ హీరో సినిమా బాగలేకపోతే ఏం రాస్తావు?"

"మా అన్నది బాగలేకపోవడమేంది?"

"చూసినావా. బాగలేకపోయినా బాగుందనే రాస్తావు. రేపు నామీద ఇష్టం పోయినాక కూడా ఉందనే చెప్తావు. నేనెట్ల తెలుసుకోవాల?"

ఏబేలు రేకుల కింద నుంచి బయటికొచ్చాడు. వానలో తడుస్తూ వెళ్ళాడు.

శుక్రవారం మధ్యాహ్నం అతను బలపం పట్టుకుని పలక ముందు చాలాసేపు నిలబడ్డాడు. వెనక సంఘం ప్రెసిడెంట్ బ్రహ్మం, పదిమంది కుర్రాళ్ళు. రాశాడు: "మా అన్న సినిమానే. అయినా బాగలేదు."

బ్రహ్మం పలక లాగి నేలకేసి కొట్టాడు. "ఇయ్యాల్టి నుంచి నువ్వు సెక్రటరీ కాదు. తిన్నింటి వాసాలు లెక్కపెడతావా?"

ఏబేలుకు ఏడుపొచ్చినంత పనైంది. ముక్కలు ఏరుతుంటే ఎదురుగా హెప్సిబా చేతిలో కొత్త పలకొకటి కనిపించింది. దాని మీద గుండ్రటి అక్షరాలు: "పద్నాలుగు సార్లు. అందులో ఒకటి నువ్వేనా?"

"రెండు," అన్నాడు ఏబేలు.

హెప్సిబా నవ్వు ఆపుకోలేకపోయింది. "అమ్మ రమ్మంటాంది, పా."

ఎలీషబమ్మ మిషను ఆపకుండానే అడిగింది. "మీ అమ్మకు ఏడు జాకెట్లు కుట్టినా. ఏడింటికీ ఏడు కొలతలు. మీ అమ్మ వారానికి రెండుసార్లు చిక్కి, రెండుసార్లు లావవతాదా, అబ్బాయ్?"

ఏబేలు నేల చూపులు చూశాడు.

"హీరోను పోగొట్టుకున్నావంట గదా. సరే. ఆ వాన సినిమా మళ్ళీ ఏస్తే దీనికి చూపియ్యి. పాస్టరయ్యకు నేను చెప్పుకుంటా. నేనూ వస్తా."

'బంగారు బుల్లెట్' తీసేసి సోమవారం మళ్ళీ 'వానొస్తే ఫోన్ చెయ్' వేశారు. మ్యాట్నీకి ముగ్గురూ వెళ్ళారు. నడిమి సీట్లో ఎలీషబమ్మ కొండలా కూర్చుంది. ఏబేలు వంగి చూస్తే, మొదటిసారి తెర ముందు కూర్చున్న హెప్సిబా కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది.

"కళ్ళు తెరువు," అన్నాడు.

"తెరిస్తే కథ అర్థం కావట్లా."

ఇంటర్వెల్‌లో ఎలీషబమ్మ లేచింది. "ఇరవై ఏండ్లుగా ఆ తలుపు వింటా ఉండా. ఎట్లుంటదో చూసొస్తా."

ఖాళీ సీటు మీదుగా హెప్సిబా అడిగింది. "మొన్నటి ఇష్టం ఇయ్యాల కూడా ఉందా? సెకండాఫ్‌లో లేచిపోవు గదా?"

"తలుపు వైపు కూడా చూడను."

లైట్లు ఆరాయి. కాంటీన్ తలుపు కిర్రుమంది. ఎలీషబమ్మ మూడు సమోసాలతో వచ్చి, తన సీటు ముందే ఆగింది.

"నువ్వు ఇట్ల జరుగు, అల్లుడా. నేను చివర కూచుంటా."