సగంలో ఆపిన మందు

"ఇంతేనా ఆట? అప్పుడే అయిపోయిందా?" అన్నాడు ఐదో తరగతి దామోదర్, చేతిలో మిగిలిన కార్డులు బల్ల మీద పెట్టేస్తూ.

హైమ గోడ గడియారం చూసింది. ఆట మొదలుపెట్టి రెండు నిమిషాలు కూడా కాలేదు.

"నువ్వు సరిగ్గా ఆడలేదు," అంది.

"గెలిచింది నేనే కదక్కా. ఒక మందు వేశా, ఒక బ్యాక్టీరియా చచ్చింది. ఇంకో మందు వేశా, ఇంకోటి చచ్చింది. ఇందులో ఆడేదేముంది?" అని వాడు పక్క బల్ల మీది అగ్నిపర్వతం చూడ్డానికి వెళ్లిపోయాడు.

పొద్దున్నుంచి ఇలా వెళ్లిపోయినవాళ్లలో వాడు ఆరోవాడు. హైమకి ఏడుపొచ్చినంత పనైంది.

నాచారంలోని ఆ బడిలో ఆ రోజు సైన్స్ ఫెయిర్. ఉప్పల్ నుంచి గోపాలరావు గారనే పెద్ద మాస్టారు జడ్జిగా వచ్చారు. ఆయన ఎంచిన ఒక్క ప్రాజెక్టు జిల్లా ఫెయిర్‌కి వెళుతుంది. అది తనదేనని హైమ చిల్కానగర్‌లో తమ వీధి వీధంతా చెప్పేసింది. ఇస్త్రీ బండి శారదమ్మక్కూడా చెప్పింది. ఇప్పుడు ఓడిపోతే ఏ మొహం పెట్టుకుని ఇంటికి వెళ్లాలి?

జడ్జిగారు ఇంకా నాలుగు బల్లల అవతల ఉన్నారు.

"నా పసుపు పత్తాలుంటే ఆట గింత జల్ది అయిపోకపోతుండె," అంది సారలమ్మ మెల్లగా. చిందరవందరగా పడున్న కార్డులన్నీ సర్దుతోంది.

హైమ తన బ్యాగుని కాలితో బల్ల కిందికి తోసింది.

ఇద్దరిదీ ఏడో తరగతే. ఒకటే ప్రాజెక్టు. సారలమ్మ వాళ్ల నాన్న మొగిలయ్య అట్టపెట్టెల కంపెనీలో పని చేస్తాడు. కార్డులకి అట్టముక్కలు ఆయనే తెచ్చాడు. ఎర్రరంగు కార్డులు బ్యాక్టీరియా, నీలంవి మందు బిళ్లలు. మూడు బ్యాక్టీరియాలని ఎవరు ముందు చంపితే వాళ్లు గెలిచినట్టు.

పోయిన వారం సారలమ్మ పసుపు రంగు కార్డులు ఎనిమిది చేసుకొచ్చింది. ఒక్కోదాని మీద 'మళ్ల లేచింది' అని రాసుంది.

"ఒక్క మందు గోలీకే పురుగు సావద్దు. ఐదు గోలీలు వరసగా వెయ్యాలె," అని చెప్పింది. "రెండేసి ఆపితే అది పండుకున్నట్టు ఉంటది గానీ సావదు. అప్పుడు అవతలోళ్లు ఈ పత్తా వేస్తరు. అది లేస్తది. మస్తు బలంగా లేస్తది."

"ఇది పుస్తకంలో ఎక్కడుంది? మందు వేస్తే చావాల్సిందే," అంది హైమ. "మా నాన్న ల్యాబ్‌లో పని చేస్తారు. నాకు తెలీదా? ఆ రాత చూసి అందరూ నవ్వుతారు."

నాన్నని అడిగిందా అంటే, లేదు. ఆయన పక్కగదిలోనే పేపరు చదువుకుంటున్నా అడగలేదు. సారలమ్మ చెప్పిందే నిజమంటారేమోనని లోపల బెంగ. మర్నాడు పసుపు కార్డులు ఏవని సారలమ్మ అడిగితే, "ఎక్కడో పోయాయి," అనేసింది.

పోలేదు. హైమ బ్యాగులో, అట్లాసు పుస్తకం మధ్యలో ఉన్నాయి.

జడ్జిగారు అగ్నిపర్వతం దగ్గరికి వచ్చేశారు. ఇక మిగిలింది ఆ ఒక్క బల్లే.

ఆ కార్డులు తీస్తే ఆట బతుకుతుంది. కానీ తీసిన మరుక్షణం తను అబద్ధాలకోరని తెలిసిపోతుంది. తియ్యకపోతే సారలమ్మకి ఎప్పటికీ తెలీదు. మరి ఆట?

హైమ వంగి బ్యాగు జిప్పు లాగింది. అట్లాసు తెరిచి, ఎనిమిది కార్డులూ తీసి బల్ల మీద పెట్టింది. తల మాత్రం ఎత్తలేదు.

సారలమ్మ కార్డులవైపు చూసింది. హైమవైపు చూసింది.

"పోయినయన్నవ్ గదా," అంది.

"పోలేదు. నేనే దాచాను."

"నేను క్లాసంత దేవులాడిన. మా నాయిన షిఫ్ట్ నుంచి వచ్చినంక ఆయనతోటి గూడ ఇల్లంత దేవులాడిపిచ్చిన."

"తప్పయిపోయింది సారలమ్మా."

సారలమ్మ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మోచేత్తో తుడుచుకుంది. "గది తర్వాత మాట్లాడుత నీతోని," అని కార్డులు లాక్కుని గబగబా కలిపింది.

"ఏమ్మా, మీదేమిటి?" అంటూ గోపాలరావు గారు వచ్చి కుర్చీలో కూర్చున్నారు. వెనకే సైన్సు టీచర్ కమలకుమారి, చూడ్డానికి మూగిన పిల్లలు.

సారలమ్మ ఎదురుగా కూర్చుని, ఐదు బిళ్లల రూలు చెప్పి కార్డులు పంచింది. ఆయన మొదటి బ్యాక్టీరియా మీద రెండు నీలం కార్డులు వేశారు. అది పడుకుంది కదా అని మూడో బిళ్ల పక్కదానిమీద వేశారు. సారలమ్మ చప్పుడు చెయ్యకుండా పసుపు కార్డు తీసి మొదటిదాని మీద పెట్టింది.

"అరె, లేచిందే," అన్నారాయన కుర్చీ ముందుకు జరుపుకుంటూ. పిల్లలు ఇంకా దగ్గరికి వచ్చారు. అగ్నిపర్వతం వదిలేసి దామోదర్ కూడా వచ్చాడు.

పావుగంట తర్వాత జడ్జిగారు ఓడిపోయారు. ఓడినా ఆయన మొహంలో సంతోషమే ఉంది.

"మందు సగంలో ఆపితే ఏమవుతుందో పెద్దవాళ్లకే తెలీదు. ఈ రూలు ఎవరికి తట్టింది?"

"హైమ వాళ్ల నాన్నగారు సైంటిస్టు సార్," అన్నారు కమలకుమారి టీచర్ గర్వంగా.

"ఓహో, అదీ సంగతి," అని ఆయన హైమ పేరు రాసుకోడానికి పెన్ను తీశారు.

హైమ ఇంకేమీ చెప్పక్కర్లేదు. ఊరికే నిలబడితే చాలు, రూలూ తనదే, జిల్లా ఫెయిరూ తనదే. సారలమ్మ బల్లవైపు చూస్తోంది.

"మా నాన్నకి ఈ రూలు సంగతే తెలీదు సార్," అంది హైమ. "సారలమ్మది. ఇది తప్పని వాదించి నేను ఆ కార్డులు దాచేశాను. పోయాయని అబద్ధం కూడా చెప్పాను."

కమలకుమారి టీచర్ మొహంలో నవ్వు పోయింది. గోపాలరావు గారు పెన్ను పక్కన పెట్టారు. తర్వాత సారలమ్మవైపు తిరిగారు.

"నీకెలా తెలుసమ్మా?"

సారలమ్మ ఇంగ్లీషు ముక్కలేవైనా దొరుకుతాయేమోనని వెతుక్కుంది. దొరకలేదు. అందరి ముందూ తన మాటల్లోనే మొదలుపెట్టింది.

"మా తమ్మునికి టైఫాయిడ్ అయింది సార్. రెండు దినాలకే జరం తగ్గింది. ఇంకెవరికన్న జరమొస్తే పనికొస్తయని మా అమ్మ మిగిలిన గోలీలు డబ్బల దాసిపెట్టింది. మళ్ల జరమొచ్చింది. ఈసారి ఆ గోలీలు పనిజెయ్యలే. పన్నెండు దినాలు దవాఖానాల..."

"దవాఖానాల అంట," అని వెనకనుంచి దామోదర్ కిసుక్కున నవ్వాడు.

సారలమ్మ ఆగిపోయింది.

హైమ వాడివైపు తిరిగింది. "నవ్వకు. విను," అంది. తర్వాత సారలమ్మకి దగ్గరగా జరిగి, "నువ్వు చెప్పు," అంది.

"పన్నెండు దినాలు దవాఖానాల ఉండి బతికిండు సార్," అంది సారలమ్మ, ఈసారి గట్టిగా.