మేస్త్రి చెప్పిన లెక్క

రామన్నపేటలో తెల్లారిందంటే బిక్షమ్మ ఇంట్లో రెండు చప్పుళ్లు మొదలవుతాయి. వంటింట్లో జొన్నరొట్టె చరిచే చప్పుడు, ముందు గదిలో కొడుకు అమరేందర్ వీడియో గేమ్ చప్పుడు. ఆ గదే వాడి దుకాణం. ఒక టీవీ, ఒక గేమ్ డబ్బా, నాలుగు క్యాసెట్లు. సాయంత్రమైతే డబ్బులిచ్చి ఆడుకునే పిల్లలతో కాలు పెట్టడానికి జాగా ఉండదు. పొద్దున మాత్రం కొత్త క్యాసెట్టును వాడొక్కడే ఆడి చూసుకుంటాడు. వాడి కుడి చెయ్యి మణికట్టు దగ్గరే ఆగిపోయింది. ఎడమ బొటనవేలితో బొమ్మను నడిపిస్తూ, కుడి మొండితో గుండీలు నొక్కుతాడు. వాడికి అదే బతుకుతెరువు.

ఇంతకీ ఆ ఆట ఏమిటంటే, ఒక చిన్న వీరుడు రాక్షసుల గుహల్లో తిరుగుతూ బాంబులు పెట్టి గోడలు కూల్చుకుంటూ పోవడం. మొదటి భాగంలో నల్లటి గుండ్రటి బాంబు ఒక్కటే. రెండో భాగంలో బాణానికి కట్టి వదిలేది, ఎలుకలా తనంతట తానే పాకిపోయేది వచ్చాయి. నిన్న హైదరాబాదు నుంచి తెచ్చిన మూడో భాగంలో చెట్టుకు కాయలా కాసే బాంబు కూడా ఉంది. దానితోపాటు తడి బాంబు ఒకటి. అది పెట్టినా పేలదు, ఊరికే పడి ఉంటుంది. మరిచిపోయి దాని మీద కాలు వేశామా, వీరుడు ముక్కలైపోతాడు.

"చెయ్యి తీసిన బాంబుల తోటి ఆటలేంది కొడుకా" అని బిక్షమ్మ మొదట్లో ఏడ్చింది.

"గీ ఆటల సచ్చినా మళ్ల లేస్తరే అమ్మా" అన్నాడు వాడు. ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఆమె మొగుడు బాలస్వామి బావుల్లో బండ పగలడానికి మందు తూటాలు పేల్చే మేస్త్రి. ఆ నేలలో రెండు నిలువులు తవ్వితే బండ తగులుతుంది. బండ తగిలితే బాలస్వామికి కబురు వస్తుంది. బొక్కలు కొట్టి, తూటాలు దించి, వత్తులు అంటించాక కూలీలంతా రాళ్లకుప్ప చాటుకు ఉరికి చెవులు మూసుకుంటారు. మేస్త్రి ఒక్కడే మూసుకోడు. ఏదైనా పేలకుండా మిగిలిందేమోనని, ఎన్ని పేలాయో లెక్కపెట్టేది ఆయనే. ఇంకొకరు లెక్కపెట్టకూడదు, పెడితే మేస్త్రిని నమ్మనట్టు. ఆయన "అన్ని పేలినయ్, దిగున్రి" అంటేనే మనిషి బావిలోకి దిగుతాడు.

రెండేళ్ల కింద అట్లాగే అన్నాడు. అమరేందర్ దిగి గడ్డపార ఎత్తాడు. రెండో దెబ్బకు బావి ఉరిమింది. పొగలోంచి రాళ్ల గంపలో వాడిని పైకి లాగినప్పుడు బిక్షమ్మ అక్కడే ఉంది. మొహమంతా నెత్తురు, చెయ్యి ఉండాల్సిన చోట ఎముక. చెయ్యి కోసం రాళ్లన్నీ వెతికింది, వాడి గడియారం మాత్రం దొరికింది. బాలస్వామి నలుగురిలో ఒకటే మాట అన్నాడు. "నా లెక్క తప్పలే. వాడే పాతబొక్కల మిగిలిన మందు మీద గడ్డపార పెట్టిండు." కొడుకు కాదన్నాడు. బిక్షమ్మ మొగుడి మాటే నమ్మింది.

ఆ పొద్దున బాలస్వామి పనికి పోవడానికి వాకిట్లో నిలబడి తలకు రుమాలు చుట్టుకుంటున్నాడు. ఇల్లరికపు అల్లుడు దశరథం అప్పటికే గుర్వయ్య బావికి వెళ్లిపోయాడు. నిన్న సాయంత్రం పేల్చిన రాయి ఎత్తి పోయాలి. లోపల అమరేందర్ టీవీ గొంతు పూర్తిగా పెంచి బాంబు పేల్చాడు. బిక్షమ్మ ఉలిక్కిపడి గ్లాసు జారవిడిచింది. కూతురు సాలమ్మ "పాడుగాను" అని చెవులు పట్టుకుంది. మూడు బారల దూరంలో వీపు తిప్పి ఉన్న బాలస్వామి భుజం కూడా కదల్లేదు.

అమరేందర్ అది చూశాడు. లేచి గడపలోకి వచ్చి వెనక నుంచి "నాయినా" అన్నాడు. పలుకు లేదు. గట్టిగా పిలిచాడు. ఆయన రుమాలు చుట్టుకుంటూనే ఉన్నాడు. ముడి వేసి ఇటు తిరిగాక కొడుకు మొహం చూశాడు.

"ఏందిరా గట్ల చూస్తున్నవ్?"

"నీకు ఇనబడ్తలేదు."

బాలస్వామి చెయ్యి లేచింది. చెంపమీద కొట్టిన దెబ్బకు వాడు తలుపుకు తగిలి కింద పడ్డాడు. అంతటితో ఆగలేదు. జుట్టు పట్టి లోపలికి ఈడ్చి, డొక్కలో తన్నాడు. "ఎవనికిరా ఇనబడంది? పనికి రానోడివి, ఇంట్ల కూసోని బొమ్మలాట ఆడుకుంట నన్నే అంటవా?" అమరేందర్ పెదవి చిట్లి నెత్తురు గడ్డం మీదికి కారింది. వాడు మొండితోనే తండ్రి గుండెల మీద పొడిచాడు. బాలస్వామి మూలనున్న గడ్డపార అందుకుని టీవీ మీదికి ఎత్తాడు. బిక్షమ్మ అడ్డం పడింది.

"నన్ను చంపి కొట్టు" అంది.

గడ్డపార గాలిలో ఆగింది. ఆయన పళ్లు కొరుకుతూ నిలబడ్డాడు.

అమరేందర్ నెత్తురు తుడుచుకుని లేచాడు. "టీవీ పలగ్గొట్టే ముందు ఒక్క లెక్క చెప్పు. గీ ఆటల ఆరు బాంబులు పెడ్త. నువ్వు అటు మల్లి కూసో. ఎన్ని పేలినయో చెప్పు. నువ్వు జెప్పింది నిజమైతే రేపటి సంది నీ ఎంబటి వచ్చి ఒంటిచేత్తో మన్ను మోస్త."

"ముప్పై ఏండ్ల సంది నా చెవుల మీద నమ్మకంతోని దిగుతున్నరు మనుషులు" అని బాలస్వామి గోడవైపు తిరిగి, గడ్డపార ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

వాడు ఒక్కొక్కటే ఆరు బాంబులు గుహలో పేర్చాడు. పేలడం మొదలైంది. బిక్షమ్మ పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి పేలుళ్లు లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు. కాస్త ఆగి నాలుగు. మళ్లీ ఆగి ఐదు. ఆరోది పేలలేదు. అమరేందర్ పోయి తండ్రి భుజం తట్టాడు. ఆయన లేచాడు.

"ఆరు" అన్నాడు, గొంతులో బెరుకు లేకుండా.

టీవీ తెర మీద తడి బాంబు ఒకటి అట్లాగే పడి ఉంది. బాలస్వామి దాన్ని చూశాడు. తర్వాత పెళ్లాం మొహం చూశాడు. బిక్షమ్మ ఐదు వేళ్లు చూపించింది. ఆయన చేతిలోంచి గడ్డపార జారి గచ్చు మీద పడింది.

అప్పుడు సాలమ్మ తండ్రి రెండు భుజాలు పట్టుకుని తనవైపు తిప్పుకుంది. "నిన్న గుర్వయ్య బావిల ఎన్ని పెట్టినవ్ నాయినా? ఎన్ని పేలినయ్? నా మొగడు అండ్లనే ఉన్నడు."

బాలస్వామి గడప దాటాడు. చెప్పులు కూడా వేసుకోకుండా ఉరికాడు.

గుర్వయ్య బావి మైలు దూరం. కంది చేలకు అడ్డంపడి నలుగురూ పరుగెత్తారు. అందరికంటే ముందు అమరేందర్ చేరాడు. కింద దశరథం అప్పుడే గడ్డపార తల మీదికి ఎత్తి ఉన్నాడు.

"బావా, దించకు. పక్కన పెట్టి పైకి రా. నీ కాళ్లు మొక్కుత, మాట్లాడకుంట రా."

దశరథం తెల్లబోయాడు గానీ మాట విన్నాడు. అతను గట్టెక్కగానే సాలమ్మ మొగుడి వీపు మీద గుద్దుతూ, అతన్నే పట్టుకుని ఏడ్చింది. బాలస్వామి రొప్పుతూ వచ్చి, ఎవరు ఆపినా ఆగకుండా తాడు పట్టుకుని ఒక్కడే దిగాడు. రాయి మీద రాయి తీస్తూ పోయాడు. బిక్షమ్మకు పైనుంచి ఆయన నెరిసిన తల మాత్రం కనబడుతోంది. రెండేళ్ల కిందటి పొగ వాసన ఆమె ముక్కుకు తగిలింది. ఆయన ఒక చోట ఆగిపోయాడు. దశరథం గడ్డపార మోపబోయిన చోటికి జానెడు దూరంలో, బొక్కలోంచి సగం కాలిన వత్తి బయటికి ఉంది.

పైనున్న పనిసంచిలోంచి మరో తూటా దింపించుకుని, పేలనిదాని పక్కన పెట్టి, వత్తి అంటించి పైకి వచ్చాడు. అందరూ చాటుకు పోయి చెవులు మూసుకున్నారు. బాలస్వామి మూసుకోలేదు. కొడుకు మొహం వైపు చూస్తూ కూర్చున్నాడు. అమరేందర్ కూడా మూసుకోలేదు. నేల అదిరి, రాళ్లు గట్టు దాటి చేలో పడ్డాయి. పేలిందన్నట్టు వాడు తలూపాడు.

గుర్వయ్య, కూలీలు చుట్టూ చేరారు. బాలస్వామి లేచి నిలబడ్డాడు. చెవిటివాడు కదా, తన గొంతు ఎంత పెద్దదో తనకే తెలియదు. పక్క చేలో ఉన్నవాళ్లకు కూడా వినబడేట్టు చెప్పాడు.

"మూడేండ్ల సంది నాకు ఇనబడ్తలేదు. మనుషుల పెదవులు జూసి మాట పోల్చుకున్న, కాళ్ల కింద భూమి అదిరితె ఒకటి అనుకున్న. ఇనబడ్తలేదంటె మేస్త్రిగిరి పోతదని చెప్పలే. నా కొడుకు పాతబొక్కల గడ్డపార పెట్టలే. వాని చెయ్యి నేనే తీసిన. నేను తీసి, వాడే తీసుకున్నడని ఊరంత చాటిన."

బిక్షమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. కొడుకు దగ్గరికి పోయి వాడి కాళ్ల దగ్గరే కూలబడింది. "నేను గూడ నిన్నే తప్పువట్టిన బిడ్డా. కన్నతల్లినై ఉండి నమ్మలే" అంది. వాడు ఆమెను ఒంటిచేత్తో లేవనెత్తలేక పక్కన తనే కూర్చున్నాడు.

తర్వాత అమరేందర్ లేచి తండ్రికి ఎదురుగా నిలబడ్డాడు. ఆయనకు పెదవులు కనబడేట్టు ఒక్కో మాటా ఆగి ఆగి పలికాడు.

"అందరు చెవులు మూసుకుంటుంటిమి. నువ్వొక్కనివే తెరిచి పెట్టుకుంటివి. గందుకే పోయినయ్. ముందే చెప్తే నీకు నేను లెక్కపెట్టకపోదునా నాయినా."

బాలస్వామి ఆ మాటలన్నీ చూశాడు. ఇన్నాళ్లూ కంటితో కూడా చూడడానికి ఓర్వని ఆ మొండిని రెండు చేతుల్లోకి తీసుకుని మొహానికి అదుముకున్నాడు. చుట్టూ చేరినవాళ్లంతా చూస్తుండగా, వెక్కి వెక్కి ఏడ్చాడు. అమరేందర్ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.