మునికృష్ణ చేవ్రాలు

నిర్మలమ్మ భర్తకు కాఫీ సగం గ్లాసే పోస్తుంది. అది తాగాక ఇంకో సగం. ఎందుకలా అని కూతురు ధరణి ఒకసారి అడిగితే, "చల్లారిపోతాది మే" అని మాట దాటేసింది. ఆ ఉదయం మునికృష్ణ వరండాలో మొదటి సగం తాగుతుండగా, పక్క వీధిలో కాపురముంటున్న ధరణి విసవిసా లోపలికొచ్చింది. చేతిలో కారు పేరు మార్పిడికి ఆర్టీవో ఆఫీసులో ఇచ్చిన కాగితాలు.

"మళ్లీ తిప్పి పంపినారు నాయనా. ఇది మూడోసారి. నీ సంతకం సరిపోలేదంట."

మునికృష్ణ గ్లాసు కింద పెట్టి, చేతులు కండువా కిందికి లాక్కున్నాడు. "ఆడ పెట్టిపో మే. మళ్లీ చేస్తాలే."

అసలు కారు సంగతి ఎత్తింది ఆయనే. టీచరు ధరణికి పాకాల అవతల పల్లెకు బదిలీ అయ్యింది. రెండు బస్సులు మారి బడికి చేరేసరికి పిల్లలు ప్రార్థన ముగించి క్లాసుల్లో కూర్చునేవాళ్లు. "నా కారు ఊరికే పడుండాది గదా, నీ పేరుకు మార్పించుకో" అన్నాడు. ఆర్నెల్లుగా ఆయన స్టీరింగు ముట్టుకోలేదు. అడిగితే పెట్రోలు దండగ అనేవాడు. ధరణి కారు నేర్చుకున్నది దానిమీదే, నేర్పింది ఆయనే. కాగితాల్లో నాన్న పేరు తర్వాత తన పేరు ఎక్కుతుందంటే ఆమెకు చిన్నపిల్లలా సంబరమేసింది.

ఇక సంతకమంటారా, చిత్తూరు రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట ముప్పై ఐదేళ్లు దస్తావేజులు రాసిన మనిషాయన. ఆ అక్షరం కోసమే జనం వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. పేరు రాసి, చివరి అక్షరం తోకను వెనక్కి తిప్పి, పేరు మొత్తానికీ కింద గీతలా లాగేవాడు. ధరణి నోటుపుస్తకం చూసి మాత్రం, "కోడి గెలికినట్టుండాది, నువ్వు టీచరయినట్టే!" అని ఏడిపించేవాడు. అలాంటి చెయ్యి మూడుసార్లు తప్పు సంతకం పెట్టిందంటే ఎవరు నమ్ముతారు? ధరణి నమ్మలేదు.

"నాయనా, రెండేళ్ల కింద తమ్ముడికి ఇల్లు రాసిచ్చినావు. పద్నాలుగు పేజీలు. పేజీపేజీకీ సంతకం పెట్టినావు. ఒక్కటన్నా తప్పు పోయిందా?"

"ఆ పొద్దు వేరే మే."

"ఏం వేరే? కొడుక్కైతే చెయ్యి సక్కంగా తిరిగింది. నాకు పాత కారు ఇచ్చేదానికి సంతకం మారిపోయిందా? ఇష్టం లేకుంటే లేదని సెప్పు. నన్ను ఆఫీసు చుట్టూ తిప్పేదెందుకు?"

నిర్మలమ్మ వంటింట్లోంచి గబగబా వచ్చింది. "ధరణీ, ఏం మాటలే అవి!"

"నువ్వుండమా. 'మీ నాయనకు ఇచ్చేదానికి మనసు లేనట్టుంది మేడం' అని ఆర్టీవో ఆఫీసు కాడ ఏజెంటు ధనంజయ అందరి ముందరా అన్నాడు. నేను తల యాడ పెట్టుకోవాల?"

నిర్మలమ్మ భర్త వైపు చూసింది. వద్దన్నట్టు ఆయన తల అడ్డంగా ఊపాడు.

"అవును మే," అన్నాడు నేల చూస్తూ. "నాకే మనసు రాలేదనుకో."

ధరణి నిలబడ్డచోటే కూలబడి ఏడ్చింది. కారు రాకపోతే పోయింది. ఆ మాట ఆయన నోటినుంచి వస్తుందని మాత్రం ఆమె అనుకోలేదు.

నిర్మలమ్మకు ఇక ఓపిక చాలలేదు. లోపలికెళ్లి ఒక పాత నోటుబుక్కు తెచ్చి కూతురి ఒళ్లో పడేసింది. "సూడు. నువ్వు బడికి పోయినాక మీ నాయన రోజూ చేసే పని ఇదే."

పేజీ నిండా ఒకటే పేరు. మునికృష్ణ, మునికృష్ణ, మునికృష్ణ. మొదటి పేజీల్లో అక్షరాలు కాస్త వంకరపోయాయి, అంతే. పోనుపోనూ గీతలు ముక్కలయ్యాయి. చివరి పేజీలో అది పేరని తెలుసుకోవడమే కష్టంగా ఉంది. తోక ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

"చెయ్యి వణుకుతాది మే. ఏడాది దాటిపాయ. గ్లాసు నిండా పోస్తే తొణికి కాలుతాది. కారు వదిలింది కూడా అందుకే. నీకు సెప్పొద్దని నా చేత ఒట్టు పెట్టించుకున్నాడు."

ధరణి ఆ చివరి పేజీ మీదినుంచి తలెత్తి తండ్రిని చూసింది.

"వేలిముద్ర ఏస్తే అయిపోతాదని నాకు తెలీదా మే?" అన్నాడు మునికృష్ణ. "ఎంతమంది చేత ఏయించినాను! నా కూతురికిచ్చే కాగితం మీద నిశాని ఏసేదానికే మనసు రాలేదు. సంతకం పెట్టే ఇయ్యాలనుకున్నా."

ధరణి కండువా తొలగించి ఆయన చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. అది ఆగకుండా వణుకుతూనే ఉంది. "ఎంత మాటన్నాను నాయనా! నీ చెయ్యి ఒక్కసారన్నా పట్టుకుని సూడలేదే!"

ఆ తర్వాత ఆమే లేచి, ఆయన పాత సంచిలోంచి సిరా దిండు తెచ్చింది. ధనంజయ ఇచ్చిన కొత్త ఫారం మీద ఆయన ఎడమ బొటనవేలిని పట్టుకుని ఒత్తించింది.

"పక్కన రాయల్ల మే. ఎవరి నిశానో తెలియాల గదా."

"నువ్వు సెప్పు నాయనా. నేను రాస్తా."

మునికృష్ణ, వేలమందికి తానే రాసిన వాక్యాన్ని కూతురికి చెప్పాడు. "ఇది... చిత్తూరు వాస్తవ్యుడు... మునికృష్ణ... ఎడమచేతి బొటనవేలి నిశాని."

ధరణి కన్నీళ్లు తుడుచుకుంటూ ఒక్కో మాటా రాసింది. ఆయన పేరు దగ్గర మాత్రం ఆగి, చివరి అక్షరం తోకను వెనక్కి తిప్పి, పేరు మొత్తానికీ కింద గీతలా లాగింది.

మునికృష్ణ వంగి ఆ గీతను చూశాడు. కోడి గెలికినట్టుందని అనబోయి అనలేక, కూతురి భుజం మీద తల వాల్చి ఏడ్చాడు.

నిర్మలమ్మ మిగిలిన సగం కాఫీ తెచ్చింది. ధరణి గ్లాసు అందుకుని ఆయన నోటికి పట్టింది. ఆయన తాగాడు. చెయ్యి మాత్రం ఈసారి దాచుకోలేదు.