వారానికి రెండు చొప్పున

పొద్దున్నే దర్జీ కుట్టుమిషన్ సొరుగులో సుద్దముక్క కోసం వెతుకుతుంటే చేతికి కాగితం తగిలింది. భార్యకి ఆసుపత్రివాళ్లు ఇచ్చిన ప్రశ్నల కాగితం, పన్నెండో వారానిది, చివరిది. అంకెలన్నీ వేసి ఉన్నాయి. కింద మొత్తం రెండు.

"అమ్మాయ్, మీ అమ్మ పాసయింది!" అని కేకేశాడు.

కూతురు టీ గ్లాసులతో వచ్చింది. తల్లిని ఆసుపత్రికి తీసుకెళ్లడానికి నిన్ననే దిగింది. దిగులు జబ్బుకి కొత్త మందు పనిచేస్తుందో లేదో తేల్చే పరిశోధనలో తల్లి చేరింది. నిద్ర ఎలా ఉంది, తిండి ఎలా ఉంది, చచ్చిపోతే బాగుండనిపిస్తోందా... ఇలాంటివి తొమ్మిది ప్రశ్నలు. ప్రతి సోమవారం ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా అంకె వేయాలి. బాధ ఎక్కువైతే అంకె పెద్దది. పన్నెండు కాగితాలూ చూసి మందు ఉంచాలో ఆపాలో డాక్టరు ఇవాళ చెబుతాడు.

"అమ్మ ఇంకా లేవనేలేదే! ఈ సోమవారంది ఎప్పుడు రాసింది?"

దర్జీ గ్లాసు నోటి దాకా తెచ్చి ఆగాడు.

కూతురు మిగతా పదకొండూ తెచ్చి మంచం మీద పరిచింది. ఇరవై నాలుగు, ఇరవై రెండు, ఇరవై, పద్దెనిమిది... అన్నిటి మీదా ఒకే పెన్ను కారిన సిరా.

"వారానికి రెండు తగ్గుతోందని ఫోన్లో మురిసిపోయావు కదా నాన్నా."

"కొలిచి కోసినట్టు తగ్గుతోందనుకున్నాను."

"ముప్ఫై ఏళ్లుగా ఒళ్లు కొలుస్తున్నావు. రెండు భుజాలూ సమానంగా ఉన్న మనిషిని ఒక్కడినైనా చూశావా?"

దర్జీ లేచాడు. కాగితాలు పట్టుకుని లోపలి గదిలోకి వెళ్లాడు. భార్య గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"నన్ను వెర్రివాణ్ని చేశావా? ప్రతి సోమవారం ఈల వేసుకుంటూ కొట్టుకి పోయానే!"

"ఆ ఈల కోసమే" అందామె, తిరక్కుండానే. "మొదటి కాగితం నిజంగానే రాశాను. ఇరవై నాలుగు చూసి మీరు ఆ పూట అన్నం ముట్టలేదు. మీరు కొట్టుకి వెళ్లాక మిగతా పదకొండూ కూర్చున్న బిగిన రాసేశాను, గుండీలు కుట్టినట్టు."

"ఆసుపత్రి నుంచి సిస్టరు ఫోన్ చేసినప్పుడు?"

"బాగానే ఉందన్నాను. వంట మీరే, గిన్నెలు మీరే. నాకు నయమైందంటే మీకు కాస్త తెరిపిగా ఉంటుంది కదా."

"ఈ రెండు చూసి నయమైందనుకుని మందు ఆపేస్తారమ్మా!" అంది కూతురు.

"ఆపితే ఆపనీ."

దర్జీ మంచం పక్కన కూలబడ్డాడు. కొట్లో టేపు చుట్టగానే పొట్ట బిగబట్టేవాళ్లని అతను రోజూ చూస్తాడు. వాళ్లతో వాదించడు. టేపు పట్టుకుని ఊరికే నిలబడతాడు. ఎంతసేపని బిగబడతారు?

కొలతల పుస్తకంలో కొత్త పేజీ తీశాడు. మొదటి ప్రశ్న చదివి ఊరుకున్నాడు. చాలాసేపటికి ఆమె ఇటు తిరిగింది.

"రెండు."

"నిద్ర?"

"మూడు."

"తిండి?"

"మీ వంటకి మూడే వేయాలి. పోనీ, రెండు వేసుకోండి."

కూతురు కళ్లనీళ్లతోనే నవ్వింది. తొమ్మిదోది, చావు గురించిన ప్రశ్న, దర్జీ చదవకుండా వేలితో చూపించాడు. భార్యే చెప్పింది.

"అది సున్నా కాదండీ. రెండు."

కూతురు తల్లి పాదాలు గట్టిగా పట్టుకుంది. మొత్తం పంతొమ్మిది. దర్జీ ఆ అంకెనే రెండుసార్లు ఒత్తి దిద్దాడు.

"అన్నిటికన్నా ముందు డాక్టరుకి ఆ తొమ్మిదోదే చెబుదాం" అన్నాడు.

చెప్పారు. డాక్టరు ఆమెను ఒక్కదాన్నే కూర్చోబెట్టుకుని గంటసేపు విన్నాడు. మందు ఆపలేదు, మార్చాడు. వారం వారం రమ్మన్నాడు, ఒంటరిగా వదలొద్దన్నాడు. కూతురు సెలవు పొడిగించుకుంది. సిస్టరు ఆ పదకొండు అబద్ధపు కాగితాలు పక్కన పెట్టి, మొదటిదాన్నీ కొలతల పేజీనీ మాత్రం జాగ్రత్తగా దాచుకుంది. "తగ్గకపోతే తగ్గలేదనే రాయాలమ్మా. మాకూ అదే కావాలి" అంది.

తిరుగు బస్సులో దర్జీ ఈల అందుకున్నాడు. మధ్యలోనే తెగిపోయింది.

"అలిసిపోయారా?" అంది భార్య.

"అబ్బే" అనబోయి మింగేశాడు.

"సున్నా నుంచి మూడు దాకా, ఎంత?"

దర్జీ కిటికీలోంచి బయటికి చూశాడు. బిగబట్టిన ఊపిరి వదిలాడు.

"మూడు."

ఆమె అతని చేయి తీసి తన ఒళ్లో పెట్టుకుంది.