వకుళ అక్క గొంతు

"లెగవే తల్లీ, ఇడ్లీలైపోతన్నాయి" అంది చెవి వెనక నుంచి వకుళ అక్క.

ఇందుమతి దుప్పటి తన్నేసి లేచింది. కాలేజీలో చేరి ఆరు నెలలు. మొదటి వారంలోనే పెట్టె సర్దుకుని పలాస రైలెక్కేయబోతే ఆపింది ఈ గొంతే. మెస్సులో ఒంటరిగా కూర్చోవడం సిగ్గు కాదని, లెక్కల మాస్టారి కసురు పైపైనేనని, ఏడుపొస్తే స్నానాల గదిలో కుళాయి తిప్పుకోమని అదే చెప్పింది.

మొదటి ఏడాది పిల్లలందరికీ చెవి వెనక సెనగ గింజంత తోడుగొంతు అతికిస్తారు. ఆ గదిలో ఒకప్పుడు ఉన్న విద్యార్థిని గొంతుతో అది మాట్లాడుతుంది. ఏ గదికి ఆ గది అక్క. ఇక తోటిపిల్లలతో పనేముంది? మెస్సులో రెండు వందల మంది, ఎవరి చెవితో వాళ్లు కబుర్లాడుకుంటూ తినేసి పోతుంటారు.

ఆరు నెలలు నిండాక గొంతిచ్చిన అక్కకు తీపి పంపడం అక్కడి ఆనవాయితీ. మిగతావాళ్లు ఆఫీసులో డబ్బా ఇచ్చేసి చేతులు దులుపుకుంటారు. ఇందుమతికి మనసొప్పలేదు. అమ్మ చేత జీడిపప్పు పాకం చేయించి తెప్పించుకుని, అక్క చిరునామా ఇవ్వమని వార్డెన్ రాజ్యలక్ష్మి గారి ముందు నిలబడింది. తనను పడిపోకుండా పట్టుకున్న మనిషిని ఒక్కసారి కళ్లారా చూడాలి, అంతే.

వార్డెన్ తెర మీద వెతికి, కాస్త తటపటాయించి చెప్పారు. వకుళ మూడో నెలలోనే చదువు మానేసి వెళ్లిపోయిందట. ఎక్కడుందో తెలియదు. ఆమె మొహం గుర్తున్నవాళ్లే హాస్టల్లో లేరు. వార్డెన్ వెనక బీరువా మీద, కిందటేడు పంపితే తిరిగొచ్చిన తీపి డబ్బాలు వరసగా పేర్చి ఉన్నాయి.

"మరి ఆవిడ గొంతే ఎందుకు పెట్టారండీ?"

"ఎక్కువ మాట్లాడినవాళ్లనే యంత్రం ఏరుకుని, వాళ్లన్న మాటలే మళ్లీ వినిపిస్తుందమ్మా. అప్పట్లో గింజకి వినడమే వచ్చు, బదులివ్వడం రాదు. అయినా ఆ పిల్ల రోజంతా దాంతోనే మాట్లాడేది."

లెగవే తల్లీ అని వకుళ ఎవరిని లేపుకుందో, కుళాయి తిప్పుకోమని ఎవరికి చెప్పుకుందో ఇందుమతికి అప్పుడు అర్థమైంది. అన్నీ తనకు తానే. ఈలోగా వార్డెన్ సంబరంగా ఇంకో కబురు చెప్పారు. ఈ ఏడాది అంతస్తు మొత్తంలో ఎక్కువ మాటలు ఇందుమతివేనట. వచ్చే ఏటికి ఆ గదిలో వినిపించేది ఆమె గొంతేనట.

మధ్యాహ్నం మెస్సులో కూర్చుని డబ్బా మూత తీసింది.

"అక్కా, ఓ ముక్క తీసుకో."

గింజ మూగబోయింది. ఇంద తీసుకో అని ఒకరు చెయ్యి చాపితే ఏమనాలో వకుళ ఎన్నడూ అనలేదు. చాపినవాళ్లుంటే కదా! కాసేపటికి, ఆ మిట్టమధ్యాహ్నం వేళ, "లెగవే తల్లీ, ఇడ్లీలైపోతన్నాయి" అంది.

ఇందుమతికి ఏడుపు తన్నుకొచ్చింది. కుళాయి దగ్గరికి వెళ్లలేదు. డబ్బా పట్టుకుని పక్క బల్ల దగ్గరికి వెళ్లి, తనలో తను గొణుక్కుంటున్న అమ్మాయి భుజం తట్టింది. ఆరు నెలలుగా పక్క గదిలోనే ఉంటున్న ఆ పిల్ల ఉలిక్కిపడి తలెత్తింది.

"మా అమ్మ చేసింది. తింటావా?"

ఏమనాలో తన గది అక్క చెబుతుందేమోనని ఆ పిల్ల చెవి వెనక చెయ్యి పెట్టుకుని ఎదురుచూసింది. అక్క ఏమీ చెప్పలేదు. ఇందుమతి డబ్బా చాపి అలాగే నిలబడింది.